దోష విస్తృతి అసమానమైనప్పుడు: పటాన్‌చెరు పొలాల ప్రతిగమన విశ్లేషణపై ఒక పరిశీలన

వ్యవసాయ పరిశోధనలో సరళ ప్రతిగమన విశ్లేషణను వాడనివారు అరుదు. ఎరువు మోతాదుకు దిగుబడికి, నేల ఉప్పుదనానికి మొలక శాతానికి, విస్తరణ సేవలకు రైతు ఆదాయానికి గల సంబంధాన్ని ఒక సరళరేఖగా గీసి, ఆ రేఖ వాలును, దాని ప్రామాణిక దోషాన్ని, పక్కన ఒకటో రెండో నక్షత్ర గుర్తులను పట్టికలో చూపడం పరిపాటి. ఆ నక్షత్ర గుర్తులకు ఆధారమైన ఒక ఊహ మాత్రం పట్టికలో ఎక్కడా కనిపించదు. రేఖ చుట్టూ చెదిరిన దోషాల విస్తృతి అన్నిచోట్లా ఒకే తీరుగా ఉందన్నదే ఆ ఊహ. ఇది నిలిచిన స్థితిని సమ విస్తృతి అనీ, తప్పిన స్థితిని విషమ విస్తృతి లేదా హెటిరోసెడాస్టిసిటీ అనీ అంటారు. ఈ ఊహను పరీక్షించడం విద్యార్థి సిద్ధాంత గ్రంథాలలో సాధారణంగా రెండు విధాలుగా ముగుస్తున్నది: పరీక్ష అసలే జరగకపోవడం, లేదా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఒక సంఖ్యను అనుబంధంలో చేర్చి ముందుకు సాగిపోవడం. విషమ విస్తృతిని గణాంక దోషంగా మాత్రమే చూసి సరిదిద్ది మరచిపోయే ఈ ధోరణిలో రైతుకు అందవలసిన ముఖ్య సమాచారమే జారిపోతున్నది. సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు పొలాలు ఇందుకు స్పష్టమైన నిదర్శనం.

1970వ దశకం నుండి పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి ప్రాంతాలలో ఔషధ, రసాయన, పురుగుమందుల పరిశ్రమలు విస్తరించాయి. వాటి వ్యర్థజలాలు కుంటలు, చెరువులు, కాలువల గుండా నక్కవాగులో కలిసి, అక్కడి నుండి మంజీరా నదికి చేరాయి. వాగు వెంబడి గల గ్రామాల ఆయకట్టు ఈ నీటి బారిన పడింది. ఈ ప్రాంతపు నేలలలో భారలోహాల ఉనికిపై జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లో అధ్యయనం ప్రచురించారు. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిం లార్సన్ బృందం, సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థాలను స్వీకరించే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు ప్రకటించింది. ఈ అధ్యయనాల తరువాత ఈ ప్రాంతం నేల, నీరు, పంట, ఆరోగ్య పరిశోధనలకు ఒక ప్రయోగశాల వంటిదైంది. వాగు నుండి దూరం పెరిగే కొద్దీ కాలుష్యం ఎంత తగ్గుతుంది, దిగుబడి ఎంత పెరుగుతుంది అన్న ప్రశ్న ఈ పరిశోధనలలో సహజంగా తలెత్తేది. దానికి సమాధానంగా పరిశోధకులు తొలుత గీసేది సరళ ప్రతిగమన రేఖే.

వాగుకు దగ్గరి పొలాలన్నీ ఒకే రీతిగా చెడిపోవు. ఒక రైతు వాగులో మోటారు పెట్టి నేరుగా నీరు పారిస్తే, పక్క రైతు గట్టుకు ఇవతలి బావి నీటిని వాడతాడు; మూడవవాడు మడిని పడావు పెట్టి, కూలికి పోయి, మరుసటి ఏడు మళ్ళీ నాటు వేస్తాడు. వాగు నీటి గుణం కూడా స్థిరమైనది కాదు. వానాకాలపు వరద దానిని పలుచన చేస్తుంది, యాసంగిలో అది చిక్కబడుతుంది. చెరువు మట్టి తోలుకున్న మడి ఒక తీరు, తోలుకోని మడి మరొక తీరు. రెండు కిలోమీటర్ల అవతల, వానపైనో లోతైన బోరుపైనో ఆధారపడిన పొలాలలో ఈ భేదాలు చాలావరకు ఉండవు. అందువల్ల దూరాన్ని అడ్డ అక్షంపై, దిగుబడిని నిలువు అక్షంపై గుర్తిస్తే బిందువులు వాగు వైపు విసనకర్రలా విచ్చుకొని, దూరం పెరిగే కొద్దీ ముడుచుకుంటాయి. అవశేషాల పటంలో కనిపించే ఈ విసనకర్ర ఆకారమే విషమ విస్తృతి.

దీని ఫలితాన్ని ఊహాత్మకమైన అంకెలతో చూడవచ్చు. వాగు ఒడ్డు పొలాలలో వరి సగటు దిగుబడి ఎకరానికి 14 క్వింటాళ్లు, ప్రామాణిక విచలనం 6 క్వింటాళ్లు అనీ, దూరపు పొలాలలో సగటు 22, ప్రామాణిక విచలనం 2 అనీ అనుకోవచ్చు. రెండు చోట్లా సమాన సంఖ్యలో మడులున్నాయి. సమ విస్తృతిని ఊహించిన విశ్లేషణ రెండింటినీ కలిపి సగటు విస్తృతిని 20గా, అంటే ప్రామాణిక విచలనాన్ని సుమారు 4.47గా తీసుకుంటుంది. పెట్టుబడి తిరిగి రావడానికి 8 క్వింటాళ్లు కావాలనుకుంటే, వాగు ఒడ్డు రైతు అంతకన్నా తక్కువ పండించే అవకాశం నిజానికి 100కు 16. కలిపి లెక్కించిన విశ్లేషణ దానిని 9గా చూపుతుంది. దూరపు రైతు దిగుబడి 18 క్వింటాళ్లకన్నా తగ్గే అవకాశం నిజానికి 100కు 2 మాత్రమే. అదే విశ్లేషణ దానిని 19గా చూపుతుంది. రేఖ సరిగానే ఉన్నది, సగటులూ సరిగానే ఉన్నాయి. నష్టపోయే రైతు నష్టం తగ్గించి, నష్టపోని రైతుకు లేని భయం కల్పించినది విస్తృతి గురించిన ఒక్క ఊహ మాత్రమే. ఈ లెక్క ఆధారంగా సలహా ఇచ్చే విస్తరణాధికారి ఇరువురికీ తప్పు చెప్పినవాడవుతాడు.

పాఠ్యగ్రంథాలు ఈ విషయాన్ని వేరొక కోణం నుండి చెబుతాయి. విస్తృతి అసమానంగా ఉన్నప్పటికీ సామాన్య కనిష్ఠ వర్గాల పద్ధతి ఇచ్చే వాలు అంచనా నిష్పాక్షికంగానే ఉంటుంది. దాని దక్షత తగ్గుతుంది. ప్రామాణిక దోషం నమ్మదగినదిగా ఉండదు. ఈ రెండవ మాటలో విద్యార్థులు తరచుగా గమనించని మెలిక ఒకటి ఉంది. ప్రామాణిక దోషం ఎప్పుడూ తక్కువగానే లెక్కకు వస్తుందన్న అభిప్రాయం సరికాదు. స్వతంత్ర చలరాశి అంచులలో విస్తృతి ఎక్కువగా ఉంటే అది తక్కువగా లెక్కకు వస్తుంది. మధ్యలో ఎక్కువగా ఉంటే అవసరమైన దానికన్నా ఎక్కువగా వస్తుంది. నక్కవాగు పొలాల విషయంలో ప్రమాదం మొదటి రకానిది. దూరానికి ఒక అంచు అయిన ఒడ్డు పొలాల్లోనే చెదరుపాటు ఎక్కువ. పైగా ఒడ్డు మడులు తక్కువగా, దూరపు మడులు ఎక్కువగా ఎంపికయ్యే సర్వేలలో రేఖను ఇటూ అటూ లాగే బలం ఆ కొద్ది మడులకే ఉంటుంది. అంటే అతి తక్కువ విశ్వసనీయత గల బిందువులకు అతి ఎక్కువ పలుకుబడి దక్కుతుంది.

ఈ స్థితిని గుర్తించే పరీక్షల చరిత్ర అర్ధ శతాబ్దికి పైబడినది. 1965లో గోల్డ్‌ఫెల్డ్, క్వాంట్ ప్రతిపాదించిన పద్ధతి చేతితోనైనా చేయదగినంత సరళం: పరిశీలనలను దూరం ప్రకారం వరుసపెట్టి, నడిమి భాగాన్ని వదిలి, రెండు కొసలకు వేర్వేరు రేఖలు గీసి, వాటి అవశేష విస్తృతుల నిష్పత్తిని ఎఫ్ పరీక్షతో తూచడం. విస్తృతి ఏ చలరాశిని బట్టి మారుతున్నదో ముందే తెలిసిన చోట, నక్కవాగు వంటి చోట, ఈ పాత పద్ధతికి నేటికీ విలువ ఉంది. 1969లో గ్లేజర్ అవశేషాల పరమ విలువలను స్వతంత్ర చలరాశిపై ప్రతిగమింపజేశాడు. 1979లో బ్రూష్, పేగన్ అవశేషాల వర్గాలను వాటి సగటుతో భాగించి, వాటిని చలరాశులపై ప్రతిగమింపజేసి, వివరణ పొందిన వర్గ మొత్తంలో సగాన్ని పరీక్షాంకంగా నిర్ణయించారు. ఈ నిర్మాణం దోషాలు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తాయన్న ఊహపై ఆధారపడినందున, 1981లో కోంకర్ దానిని సడలించి, పరిశీలనల సంఖ్యను ఆ సహాయక ప్రతిగమనపు ఆర్-వర్గంతో గుణించే సులభ రూపం ఇచ్చాడు. 1980లో వైట్ రూపొందించిన పరీక్ష చలరాశుల వర్గాలను, పరస్పర లబ్ధాలను కూడా చేర్చుకుంటుంది.

ఈ కథలో తెలుగువారికి దగ్గరి పేరు ఒకటి ఉంది. బ్రూష్-పేగన్ పరీక్ష లాగ్రాంజ్ గుణక సూత్రంపై నిర్మితమైనది. ఆ సూత్రం, సి.ఆర్. రావు 1948లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో ప్రకటించిన స్కోరు పరీక్ష ఒక్కటే. 1983లో కుక్, వైస్‌బర్గ్ ఇదే పరీక్షను స్కోరు పరీక్షగానే ప్రతిపాదించారు. ఒక తెలుగు కుటుంబంలో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో కన్నుమూసిన ఆ మహాశాస్త్రజ్ఞుని పేరు క్రామర్-రావు అసమానత సందర్భంలో విద్యార్థులకు పరిచితమే. విషమ విస్తృతి గల రేఖీయ నమూనాలలో విస్తృతులను అంచనా వేయడంపై ఆయన 1970లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో రాసిన వ్యాసం మాత్రం వ్యవసాయ విద్యార్థుల దృష్టికి అంతగా రాలేదు. మిన్‌క్యూ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతికి మూలం ఆ వ్యాసమే. విస్తృతిని తుడిచివేయవలసిన మరకగా గాక, అంచనా వేయవలసిన రాశిగా చూసిన దృష్టి అందులో ఉంది. ఆయన పేరిట వెలసిన గణిత, గణాంక సంస్థ గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది. అది పటాన్‌చెరుకు దూరం కాదు.

పరీక్ష ఉన్నంత మాత్రాన దాని తీర్పును గుడ్డిగా స్వీకరించడానికి వీలు లేదు. కోంకర్ రూపాన్నే తీసుకుంటే, 40 మడుల సర్వేలో సహాయక ప్రతిగమనపు ఆర్-వర్గం 0.18 వచ్చిందనుకోవచ్చు. పరీక్షాంకం 7.2. చలరాశి దూరం ఒక్కటే కనుక, 1 స్వాతంత్ర్యాంశం గల కై-వర్గ విభాజనపు 5 శాతం హద్దు 3.84తో పోల్చాలి. 7.2 ఆ హద్దునే గాక 1 శాతం హద్దు 6.63ను కూడా దాటింది. సమ విస్తృతి పరికల్పన తిరస్కృతమైంది. ఇదే వాగు, ఇవే పొలాలు, ఇదే విసనకర్ర ఆకారం. నిధులు చాలక సర్వే 20 మడులకు పరిమితమైతే, అదే ఆర్-వర్గానికి పరీక్షాంకం 3.6. హద్దు దాటలేదు. సిద్ధాంత గ్రంథంలో ‘విషమ విస్తృతి లేదు’ అన్న వాక్యం చేరుతుంది. మారినది నేల కాదు, నీరు కాదు, పరిశోధక విద్యార్థి బస్సు ఖర్చు మాత్రమే. పరికల్పన తిరస్కృతం కాకపోవడం దాని సత్యానికి నిరూపణ కాదన్న సూత్రాన్ని టి-పరీక్ష విషయంలో గుర్తుంచుకొనే విద్యార్థులే ఇక్కడ దానిని మరచిపోతారు. కారణం స్పష్టమే: టి-పరీక్షలో సార్థకత రావాలని పరిశోధకుడు కోరుకుంటాడు, ఈ పరీక్షలో రాకూడదని కోరుకుంటాడు.

వైట్ పరీక్షకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. 5 చలరాశులున్న నమూనాలో వాటి వర్గాలు, పరస్పర లబ్ధాలు కలిసి సహాయక ప్రతిగమనంలో పదాల సంఖ్య 20కి చేరుతుంది. 40 మడుల సమాచారంతో 20 పదాలను తూచడం తవ్వుకోలతో గడ్డపార పని చేయబూనడం వంటిది. సాఫ్ట్‌వేర్ భేదం కూడా గమనార్హం. ఆర్‌లోని ఎల్‌ఎంటెస్ట్ సంకలనం ప్రత్యేకంగా కోరనిదే కోంకర్ రూపాన్ని ఇస్తుంది. స్టాటా ప్రత్యేకంగా కోరనిదే సామాన్య విభాజనాన్ని ఊహించే మూల రూపాన్ని, అదీ చలరాశులపై గాక అంచనా విలువలపై ఇస్తుంది. ఒకే దత్తాంశంతో పని చేసిన ఇద్దరు విద్యార్థులు, ఇద్దరూ బ్రూష్-పేగన్ పరీక్ష చేశామనే రాసి, వేర్వేరు నిర్ణయాలకు రావడం ఇందువల్లనే సాధ్యమవుతున్నది. పరీక్ష పేరుతో పాటు దాని రూపాన్ని, ఏ చలరాశిపై చేశారో దానిని తెలపని నివేదికను మరొకరు సరిచూడలేరు.

పరీక్ష తిరస్కరించినప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది: ఎందుకు తిరస్కరించింది? పటాన్‌చెరు ప్రాంతంలో దీనికి కనీసం మూడు మారువేషాలున్నాయి.

మొదటిది నేల. ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరును ఎంచుకోవడంలో ఇక్కడ నల్లరేగడి, ఎర్ర నేలలు రెండూ పక్కపక్కనే లభించడం ఒక ప్రధాన అనుకూలత. పంట పరిశోధనకు వరమైన ఈ వైవిధ్యం ప్రతిగమన విశ్లేషణకు చిక్కు. బంకమన్ను అధికంగా గల రేగడి లోహాలను, లవణాలను పట్టి ఉంచుతుంది; ఎర్ర చెల్కలో అవి అంతగా నిలవవు. వాగు ఒడ్డున రెండు రకాల నేలలూ కలగలసి ఉండి, నమూనాలో నేల రకం చేరకపోతే, రెండు వేర్వేరు సగటుల మధ్య గల ఎడం పెరిగిన విస్తృతిగా కనిపిస్తుంది. అప్పుడు పరీక్ష చూపినది విషమ విస్తృతిని కాదు, తప్పిపోయిన చలరాశిని. తన పరీక్ష నమూనా నిర్మాణ దోషాలకు కూడా స్పందిస్తుందని వైట్ స్వయంగా గుర్తించాడు. ఈ స్థితిలో ప్రామాణిక దోషాన్ని సవరించడం వల్ల ఒరిగేది లేదు. నేల రకాన్ని చేర్చి మళ్ళీ చూడవలసి ఉంటుంది.

రెండవది ప్రయోగశాల. దూరపు పొలాల మట్టిలో ఆర్సెనిక్ గాని కాడ్మియం గాని పరికరం గుర్తించగల కనిష్ఠ స్థాయికి లోపలే ఉండవచ్చు. అటువంటి నమూనాలన్నింటికీ ఆ కనిష్ఠ స్థాయిలో సగాన్ని వేసి లెక్కించే అలవాటు విస్తృతంగా ఉంది. పదిహేను మడులకు ఒకే అంకె పడితే అక్కడ చెదరుపాటు దాదాపు సున్నా అవుతుంది. పరీక్ష వెంటనే విషమ విస్తృతిని ప్రకటిస్తుంది. అది నేల స్వభావం కాదు, దత్తాంశ నమోదు పుస్తకం స్వభావం. దీనికి మందు హద్దు దిగువ విలువలను హద్దు దిగువవిగానే పరిగణించే విశ్లేషణ, అంటే టోబిట్ వంటి నమూనా. ఈ మారువేషం ప్రచురిత పట్టికలో బయటపడదు కనుక, మూడింటిలోనూ ఇదే ఎక్కువ ప్రమాదకరమైనది.

మూడవది కాలం. శుద్ధి కేంద్రపు నీటిని నక్కవాగులోకి గాక సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గం ద్వారా హైదరాబాద్ మురుగు కాలువ వ్యవస్థకు, అక్కడి నుండి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్ళించే ఏర్పాటు జరిగింది. ఆ ఏర్పాటుకు ముందు, తరువాత సేకరించిన దత్తాంశాలను ఒకే ప్రతిగమనంలో కలిపేస్తే, రెండు కాలాల విస్తృతులు సమానమన్న ఊహ కూడా దానితో పాటే వచ్చి చేరుతుంది. కాలాన్ని బట్టి వాలు మారిందా అని అడిగే ముందు విస్తృతి మారిందా అని అడగడం న్యాయం. వాలు మారకుండా విస్తృతి మాత్రమే తగ్గినా అది రైతుకు గొప్ప మేలే. సగటులను మాత్రమే పోల్చే విశ్లేషణ దానిని ‘ప్రభావం లేదు’ అని తేల్చివేస్తుంది.

ఈ మారువేషాలను తొలగించిన తరువాత కూడా విసనకర్ర మిగిలి ఉంటే చేయవలసిన పనులు సుపరిచితమైనవే. ఐకర్, హ్యూబర్, వైట్‌ల పేరిట ప్రసిద్ధమైన విస్తృతి-సహన ప్రామాణిక దోషాలు నేడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ లభ్యం. ఆర్‌లోని సంకలనానికి శాండ్‌విచ్ అన్న పేరే స్థిరపడింది. వైట్ మూల సూత్రం చిన్న ప్రతిచయనాలలో ప్రామాణిక దోషాన్ని తక్కువగా చూపుతుంది. మెకిన్నన్, వైట్ 1985లో పరిశీలించిన రూపాలలో హెచ్‌సి3 అనేది పరిశీలనలు 250కి మించని చోట శ్రేష్ఠమని 2000లో లాంగ్, ఎర్విన్ సూచించారు. వ్యవసాయ విద్యార్థుల సర్వేలలో అధిక భాగం ఈ పరిధిలోనివే. అయితే ఒకే గ్రామపు, ఒకే కాలువ కింది మడుల దోషాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. హెచ్‌సి3 ఆ ముడిని విప్పదు. గ్రామ సగటు దిగుబడులతో పనిచేసేవారికి భారిత కనిష్ఠ వర్గాల పద్ధతి సహజమైనది, ఎందుకంటే ఏ గ్రామంలో ఎన్ని పంటకోత ప్రయోగాలు జరిగాయో తెలుసు, భారం దానినుండే వస్తుంది. సాంద్రతల దత్తాంశాన్ని లాగరిథమ్‌లోకి మార్చడం తరచుగా విస్తృతిని సమం చేస్తుంది. కాని తిరిగి మామూలు కొలతలోకి మార్చినప్పుడు వచ్చేది అంకగణిత సగటు కాదు, మధ్యస్థానికి దగ్గరి విలువ. నక్కవాగు ఒడ్డున ఈ రెండింటి మధ్య ఎడం చిన్నది కాదు. పశువు తాగేది, పైరు పీల్చేది లాగరిథమ్ కాదు గదా.

విస్తృతిని సవరించడంతో ఆగక దానినే అధ్యయన వస్తువుగా తీసుకున్న సంప్రదాయం వ్యవసాయ అర్థశాస్త్రంలో ఉంది. 1978లో జస్ట్, పోప్ ప్రతిపాదించిన ఉత్పత్తి ప్రమేయంలో ప్రతి ఉత్పాదకానికీ రెండు ప్రభావాలుంటాయి: సగటు దిగుబడిపై ఒకటి, దిగుబడి విస్తృతిపై మరొకటి. ఎరువు సగటును పెంచుతూనే అనిశ్చితినీ పెంచవచ్చు. నీటి వసతి సగటును పెంచి అనిశ్చితిని తగ్గించవచ్చు. ఇదే కాలంలో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుండి నిర్వహించిన గ్రామ స్థాయి అధ్యయనాలు, మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరులతో మొదలై, మెట్ట రైతు నిర్ణయాలలో నష్టభయం పాత్రను లోకానికి తెలియజేశాయి. ఆ అధ్యయనాలతో ముడిపడిన బిన్స్‌వాంగర్ ప్రయోగాలు 1980లో ప్రచురితమయ్యాయి. పందెం విలువ పెరిగినప్పుడు రైతులలో అత్యధికులు ఒక మోస్తరు నష్టభీతి గలవారేనని అవి తేల్చాయి. నష్టభీతి గల రైతుకు విస్తృతి అనేది పాదసూచిక కాదు, నిర్ణయానికి సగం ఆధారం. వాగు నీటిని వాడాలా, పడావు పెట్టాలా, వరి మాని పత్తి వేయాలా అని తూచుకొనే ఒడ్డు రైతుకు సగటు 14 క్వింటాళ్లన్న మాటకన్నా, ఆరింట ఒక ఏడు పెట్టుబడి కూడా రాకపోవచ్చన్న మాట ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పరిహారం ప్రశ్నలో ఇది మరింత పదునెక్కుతుంది. పటాన్‌చెరు కాలుష్యంపై ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ 1990లో సుప్రీంకోర్టులో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం దీర్ఘకాలం సాగి, హైకోర్టుకు, ఆపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. ఆ క్రమంలో రైతులకు పరిహారం ఎకరాల లెక్కన, తరి భూమికి ఒక రేటు, ఖుష్కి భూమికి ఒక రేటుగా నిర్ణీతమైంది. న్యాయపాలనకు ఒక సరళమైన కొలబద్ద అవసరమే. వేలాది మడులకు వేర్వేరు లెక్కలు కట్టడం ఏ న్యాయస్థానానికీ సులభం కాదు. అయినా గణాంక దృష్టితో చూస్తే ఈ ఏర్పాటు రెండు విలువలు గల ఒకే చలరాశితో నష్టాన్ని అంచనా వేసే ప్రతిగమనమే. తరి భూములన్నింటికీ నష్టం ఒకే సగటు చుట్టూ ఒకే తీరుగా చెదిరి ఉంటే ఒకే రేటు సమంజసం. కాని తరి భూమి అంటేనే వాగు, చెరువు, కాలువల నీటితో ముడిపడినది. కలుషిత జలం పారినదీ, పారనిదీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. సగటు రేటు కొందరికి నష్టానికి మించి, కొందరికి నష్టంలో కొంత మాత్రమే అందిస్తుంది. ఈ రెండవ వర్గం వారు ఎందరో సగటు చెప్పలేదు, విస్తృతి చెప్పగలదు. అటువంటి సందర్భాలలో నిపుణుల నివేదికలు వ్యవసాయ శాస్త్రవేత్తల చేతుల మీదుగానే వెళతాయి. సగటు నష్టంతో పాటు దూరాన్ని బట్టి, నీటి మూలాన్ని బట్టి దాని చెదరుపాటును చూపే ఒక్క పటమైనా ఆ నివేదికలో ఉంటే, తరి రేటును రెండు మూడు అంచెలుగా విభజించే అవకాశం న్యాయమూర్తి ముందు ఉంటుంది. లేకపోతే ఆ అవకాశం ఉన్నదన్న సంగతే ఆయనకు చేరదు.

ఇక సర్వే రూపకల్పన. విస్తృతి అసమానమని సర్వే ముగిసిన తరువాత కనుగొనడంకన్నా, ముందే అనుమానించి మడులను ఎంపిక చేయడం లాభదాయకం. ఏ భాగంలో విచలనం ఎక్కువో అక్కడ ఆ నిష్పత్తిలో ఎక్కువ నమూనాలు తీయాలన్న నేమన్ సూత్రం 1934 నాటిది. పై ఉదాహరణలో విచలనాలు 6, 2 కనుక నిష్పత్తి 3:1. 40 మడుల సర్వేలో ఒడ్డున 20, దూరాన 20 తీస్తే రెండు సగటుల భేదపు విస్తృతి 2.0 అవుతుంది. ఒడ్డున 30, దూరాన 10 తీస్తే అది 1.6కు తగ్గుతుంది. సమాన పంపకంతో ఆ 1.6ను సాధించాలంటే 50 మడులు కావాలి. పది మడుల మట్టి నమూనాలు తీసి, ఎండబెట్టి, జల్లించి, లోహ పరీక్షకు పంపే ఖర్చు ఏ పరిశోధన ప్రాజెక్టుకైనా చిన్నది కాదు. విచలనాలు ముందుగా ఎలా తెలుస్తాయన్న ప్రశ్నకు పాత సిద్ధాంత గ్రంథాల అవశేష పటాలే సమాధానం చెప్పగలవు, అవి ప్రచురితమై ఉంటే. ప్రస్తుతం గ్రంథాలయ అలమరాలలో మిగులుతున్నది వాలు, ఆర్-వర్గం, నక్షత్ర గుర్తులు. సిద్ధాంత గ్రంథపు అనుబంధంలో ఒక పుట అవశేష పటానికి, మరొక పుట మడులవారీ మూల దత్తాంశానికి కేటాయించాలని మార్గదర్శకాలలో చేర్చడానికి విశ్వవిద్యాలయానికి కొత్త నిధులు అవసరం లేదు. వచ్చే యాసంగిలో ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు మట్టి సంచులతో బయలుదేరే విద్యార్థికి ఎన్ని సంచులు ఒడ్డున నింపాలో, ఎన్ని గట్టు దాటి నింపాలో ఆ రెండు పుటలు చెబుతాయి.